కూతవేటు

మలార్గ్వే ఊరు దాటాక తారు రోడ్డు సన్నబడి
ముళ్ళపొదల్లోకి, ఉప్పునేలలోకి జారిపోతుంది.
అక్కడొక తెల్లని పళ్ళెం
ముప్పై అయిదు మీటర్ల వెడల్పున
ఆకాశానికి పట్టి ఉంటుంది,
వానకీ కాదు, మెతుకులకీ కాదు.

రాత్రి డ్యూటీ ఎర్మెలిందాది.
ఆమె పని అడగడం:
ఎంత దూరంలో ఉన్నావు?
మాటల్లో కాదు. ఒకట్ల, సున్నాల గొలుసు ఒకటి
ఇరవై కిలోవాట్ల గొంతుతో పైకి విసురుతుంది.
అవతల గురుగ్రహం దాపున
ఓ చిన్న పెట్టె
దాన్ని విప్పదు, చదవదు,
అర్థం చేసుకునే ప్రయత్నమే చెయ్యదు.
అందుకున్నది అందుకున్నట్టే
వెనక్కి విసిరేస్తుంది.

పోయి రావడానికి ఎనభై మూడు నిమిషాలు.
ఆమె డ్యూటీ మరో నలభైలో ముగుస్తుంది.
తలుపు దగ్గర తదెయో బూట్ల దుమ్ము దులుపుకుంటాడు,
మాతే బుర్ర చేతులు మారుతుంది, ఇంకా వెచ్చగానే.
అడిగింది ఆమె, వినేది అతను.
ఈ శీతాకాలమంతా
తన కేకకు మారుకేక తను వినలేదు.

కూతవేటు అంటాం మనం,
గొంతు ఆగిపోయే చోటును దూరమంటాం.
ఆమె తండ్రి రొసెందో మేకల కాపరి.
లోయ ఇవతల నిలబడి ఒక్క కేక వేసి
చెవి ఒగ్గేవాడు.
ఎంతసేపటికి వచ్చిందన్నది ఒక లెక్క,
ఎలా వచ్చిందన్నది ఇంకో లెక్క.
కొత్త మంచు పడ్డ గట్టు
కేకలో సగం మింగేసి పంపుతుంది.
అలాంటి రోజు మేకల్ని దాటించేవాడు కాదు.

ఆమెకూ మింగేవి ఉన్నాయి.
ఆండీస్ మీది తేమ కొంత,
సూర్యుడి గాలి కొంత.
అన్నిటికన్నా ముందు తనలోని ఆలస్యం:
తీగల్లో, మలుపుల్లో, మిషన్ల కడుపులో
కేక బయటపడేలోపే పోగొట్టుకునే కాస్త సమయం.
ఖాళీ గిన్నెకు ధడెం కట్టినట్టు
రోజూ దాన్ని ముందే కొలిచి తీసేస్తుంది.
ఆ పెట్టె తటపటాయింపు కూడా తీసెయ్యాలి.
అది నేలమీద ఉండగానే ఎవరో కొలిచి రాశారు,
కాగితం అంచున పొడి అక్షరాలు రెండు,
ఎవరివో ఇప్పుడెవరికీ తెలియదు.

మిగిలినదాన్ని సగం చెయ్యి, అదే దూరం.
బడిపిల్లల లెక్క.
కానీ ఆ సగం సగం కాదు.
కేక పోయి వచ్చేసరికి
భూమి లక్షన్నర కిలోమీటర్లు నడిచేసింది.
పిలిచిన చోట పిలిచినామె లేదు,
పలికిన చోట పలికింది లేదు.
ఎవరూ లేని రెండు చోట్ల మధ్య
మీటరు తేడా లేకుండా
ఒక అంకె.

జులైలో ఒక రాత్రి దారి మూసుకుపోయింది.
మంచు. తదెయో రాలేదు.
ఆమె మాతే తనే మళ్ళీ పోసుకుంది,
ఆకు చప్పబడేదాకా.
ఎనభై మూడో నిమిషం.
గడ్డకట్టే చలిలో ఉంచిన ఆ లోహపు చెవిలో
మొదట ఉత్త హోరు.
తన గొలుసు నకలును ఆ హోరు పక్కన పెట్టి
ఒక్కో కొలికీ జరుపుతూ పోయింది యంత్రం,
చీకట్లో తాళంచెవి వెతికినట్టు.
ఒకచోట ఆగింది.

అంతే. గంట మోగలేదు.
అది తను పంపిందే. ఒక్క సున్నా ఎక్కువ లేదు.
అయినా కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది,
ఇంటికి ఎవరో వచ్చినట్టు.

లాగ్ పుస్తకంలో 'పంపినవారు' దగ్గర సంతకం ఉంది.
'అందుకున్నవారు' గడిలో పెన్ను ఆగింది.
ఆ గడి ఎప్పుడూ తదెయోది.
మళ్ళీ తన పేరే రాసింది, చిన్న అక్షరాలతో.

తెల్లారుజామున ఫోను.
"అంచనాకి ఎంత తేడా?"
"నాలుగు మీటర్లు."
"దగ్గరికా, దూరానికా?"

కిటికీ అవతల పళ్ళెం నిండా మంచు.
జవాబు చెప్పేముందు ఆమె ఒక్క క్షణం తీసుకుంది.
ఆ క్షణాన్ని ఏ లెక్కలోంచి తీసెయ్యాలో
తదెయోకి తెలియదు.